మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్లు పట్టడం: ముందు పగలు, తర్వాత రాత్రి

రాత్రి పూట ట్రాన్సిస్టర్ ముల్లు మెల్లగా తిప్పుతూ పోతే ఎక్కడెక్కడి భాషలో వినిపిస్తాయి. ఈ సరదాలోకి కొత్తగా వచ్చేవాళ్ళందరూ అందుకే రాత్రితోనే మొదలుపెడతారు. నేనూ అంతే. రెండేళ్ళ పాటు ఏం వింటున్నానో తెలియకుండానే విన్నాను. ఒకరోజు మధ్యాహ్నం ఊరికే కూర్చుని, పట్టపగలు మా ఇంట్లో ఏ స్టేషన్లు పడతాయో ఒక నోటుబుక్కులో రాశాను. పట్టుమని పది కూడా రాలేదు. కానీ ఆ రాత్రి రేడియో పెట్టగానే, ఆ పదీ కానిదేదైనా దూరం నుంచి వచ్చిందేనని తేలిపోయింది. అందుకే ఈ మార్గదర్శిలో పగలు ముందు, రాత్రి తర్వాత. ఆ వరస మార్చొద్దు.

నేనుండేది విశాఖపట్నంలో. ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే. మీ ఊరు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి అదే.

ముందు అంకెల సంగతి

మన దేశంలో మీడియం వేవ్ 531 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై 1602 వరకు ఉంటుంది. స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడం. 1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆసియా, యూరప్, ఆఫ్రికా అంతా ఇదే లెక్క. ప్రతి స్టేషన్ అంకే 9తో భాగించబడుతుంది. ఎక్కాలు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, అంకెలు కూడి చూడండి: హైదరాబాద్ 738, కూడితే 18. విజయవాడ 837, అదీ 18. విశాఖ 927, కడప 900. మొత్తం 9, 18, 27లో ఏదో ఒకటి రావాలి.

అమెరికాలో మాత్రం ఎడం 10. మా మేనల్లుడు అక్కడి నుంచి ముచ్చటపడి తెచ్చిన డిజిటల్ సెట్‌లో నాకు మొదటి వారం అన్ని స్టేషన్లూ ముక్కుతో మాట్లాడినట్టు వినిపించాయి. 738 కోసం నొక్కితే 730, ఆ తర్వాత 740. సెట్ పాడైందనుకుని దుకాణానికి కూడా తీసుకెళ్ళాను. మెనూలో 9 అనే సెట్టింగ్ ఉందని ఎవరూ చెప్పలేదు. కొత్త సెట్ చేతికి రాగానే మొదట అది చూడండి.

రేడియో ఏది కావాలి

ఖరీదైనది అక్కర్లేదు. ఇంట్లో అటక మీద పాత ఫిలిప్స్ సెట్ ఉంటే దుమ్ము దులిపి దాంతోనే మొదలుపెట్టండి. కొనాలనే ఉంటే టెక్సన్ పీఎల్-330, పీఎల్-380 లాంటి చిన్న డిజిటల్ సెట్లు చాలు. అంకె కనబడుతుంది, సెట్ ఒకేసారి పట్టే వెడల్పు తగ్గించి పక్క స్టేషన్ గోలను కోసేయొచ్చు.

అందరూ పొరబడేది ఒకటుంది. రేడియో పైన లాగే పొడుగు కడ్డీ ఎఫ్ఎంకీ షార్ట్‌వేవ్‌కీ మాత్రమే. మీడియం వేవ్‌కి దాంతో పనిలేదు. అసలు ఏరియల్ సెట్ లోపలుంటుంది: సన్నని తీగ చుట్టిన నల్లని ఫెర్రైట్ కడ్డీ. చాలా సెట్లలో అది రేడియో పొడవునా అడ్డంగా ఉంటుంది. అందుకే కడ్డీ లాగడం కాదు, రేడియోనే తిప్పాలి. కడ్డీ చివర స్టేషన్ వైపు చూస్తే శబ్దం పడిపోతుంది, కడ్డీ నడుము స్టేషన్ వైపు ఉంటే బాగా వస్తుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు, తర్వాతి పని సగం అయినట్టే.

ఇల్లు నోరు మూయించడం

ఊరి మధ్య ఉండేవాళ్ళకి దూరం కన్నా పెద్ద శత్రువు సొంత ఇల్లే. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, వైఫై పెట్టె అడాప్టర్, ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, ఇన్వర్టర్, మేడ మీద సోలార్ పెట్టె, అన్నీ మీడియం వేవ్ మీద బర్‌ర్‌మంటూ ఉంటాయి. స్టేషన్ లేని ఖాళీ చోట రేడియో పెట్టి శబ్దం పెంచండి. ఎవరినైనా మీటర్ బోర్డు దగ్గర నిలబెట్టి ఒక్కో స్విచ్ దించమనండి. ఏ స్విచ్ దించితే గోల తగ్గిందో ఆ గదిలో దొంగ ఉన్నట్టు. తర్వాత ఆ గదిలో ఒక్కో వస్తువు దగ్గరికీ రేడియో తీసుకెళ్తే దొరికిపోతుంది. మా ఇంట్లో దొంగ, నేను అనుమానించిన టీవీ కాదు. దేవుడి గదిలో వెలిగే చిన్న ఎల్ఈడీ దీపం. దాని బదులు నూనె దీపం పెట్టేసరికి సగం బ్యాండు తేటపడింది. ఈ సరదాకి ఇంట్లో మద్దతు దొరికింది ఆ ఒక్కసారే.

పక్కింటివాళ్ళ గోల మన చేతిలో ఉండదు. అప్పుడు డాబా ఎక్కడమే. శ్లాబులోని ఇనుము కూడా సిగ్నల్ తినేస్తుంది కాబట్టి మేడ మీద రెండు విధాలా మేలు. ఇక వీధంతా కరెంటు పోయిన రాత్రి మనకి పండగ. అందరూ విసనకర్రలు వెతుక్కుంటుంటే మనం రేడియో వెతుక్కోవాలి. ఇన్వర్టర్ మాత్రం ఆపేయండి, లేకపోతే అదే కొత్త గోల.

పగటి పట్టిక

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య కూర్చోండి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డీ పొర అనే విద్యుదావేశపు పొర ఏర్పడి ఉంటుంది. ఆకాశం వైపు వెళ్ళిన మీడియం వేవ్ తరంగాలు దానిలో ఇంకిపోతాయి. ఇక మిగిలేది నేలను అంటిపెట్టుకుని వచ్చే తరంగం ఒక్కటే. అందుకే పగలు పడిన స్టేషన్ ఊగదు, తేలదు, గంట తర్వాత చూసినా అలాగే ఉంటుంది. పట్టిక రాయడానికి ఇంతకన్నా నమ్మకమైన సమయం లేదు.

531 నుంచి మొదలుపెట్టి 9 చొప్పున ఎక్కుతూ పోండి. ప్రతి అంకె దగ్గరా ఆగి, రేడియోని మెల్లగా పావు చుట్టు తిప్పి వినండి. ఏం వినిపించినా రాయండి: అంకె, భాష, ఎంత బలం, రేడియో ఏ వైపు తిరిగి ఉంది. మొత్తం 120 అంకెలు. ఓపికగా చేస్తే రెండు గంటలు పడుతుంది. ఒక్కరోజులో అవకపోతే మర్నాడు కొనసాగించండి, పగటి పట్టిక పారిపోదు.

నా పట్టికలో 927 చెవులు చిల్లులు పడేలా, 150 కిలోమీటర్ల దూరంలోని జయపురం 1467 హాయిగా, కటక్ 972 కొంచెం కిందుగా, విజయవాడ 837 కష్టపడి. నేల తరంగం ఎంత దూరం పోతుందన్నది స్టేషన్ శక్తి మీద ఎంత ఆధారపడుతుందో, దారిలో ఉన్న నేల మీదా అంతే. తడి నల్లరేగడి మంచిది, ఎండిన రాతి నేల చెడ్డది. అన్నిటికన్నా గొప్పది ఉప్పునీరు. రాతి నేలతో పోలిస్తే సముద్రపు నీరు విద్యుత్తుని కొన్ని వేల రెట్లు బాగా పారనిస్తుంది.

దీన్ని కళ్ళారా, కాదు చెవులారా చూసింది భీమిలి ఇసుకలో. చెన్నై 720 కిలోహెర్ట్జ్ స్టేషన్ శక్తి 200 కిలోవాట్లు, ఇక్కడికి దూరం ఇంచుమించు 600 కిలోమీటర్లు. మ్యాపు మీద చెన్నైకీ విశాఖకీ స్కేలు పెట్టి గీత గీయండి, కృష్ణా గోదావరి డెల్టాలను తప్పించుకుని దాదాపు అంతా నీళ్ళ మీదుగానే వస్తుంది. తీరానికి నాలుగు కిలోమీటర్ల లోపల మా డాబా మీద మధ్యాహ్నం 720 దగ్గర ఎవరో గొణిగినట్టు ఉంటుంది, అంతే. అదే రేడియో పట్టుకుని ఇసుకలో నడుస్తూ అలల అంచుకి చేరేసరికి తమిళం మాట మాటకీ అర్థమయ్యేలా తేలింది. పది అడుగులు వెనక్కి వేస్తే ఏమీ తగ్గదు, రోడ్డు దాటి ఇళ్ళ మధ్యకి వెళ్తే మళ్ళీ గొణుగుడు. కాబట్టి కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు వాళ్ళు ఇంట్లో కూర్చోవద్దు. హైదరాబాద్ వాళ్ళకి ఈ అదృష్టం లేదు, కానీ వాళ్ళకి రాత్రి నాలుగు దిక్కులూ తెరుచుకుంటాయి.

సాయంత్రం: సూర్యుడే ట్యూనింగ్ చేస్తాడు

నన్నడిగితే రోజు మొత్తంలో అసలైన సమయం పొద్దుగూకే ముందు అరగంట, ఆ తర్వాత గంట. డీ పొర సూర్యుడితో పాటే కరిగిపోతుంది. దాని పైనున్న పొరలు మాత్రం మిగిలి ఉండి తరంగాలను కిందికి తిప్పికొడతాయి. అయితే చీకటి అన్ని ఊళ్ళకీ ఒకేసారి రాదు. రేఖాంశం ఒక డిగ్రీ పడమరకి జరిగితే పొద్దుగూకడం నాలుగు నిమిషాలు ఆలస్యం. ఈ చిన్న లెక్కతో ఒకే అంకె మీద ఉన్న రెండు స్టేషన్లను విడదీయొచ్చు.

684 కిలోహెర్ట్జ్ తీసుకోండి. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీవిజయపురం అంటున్నారు, ఈ అంకె మీదే ఉంది. కేరళలోని కోళికోడ్ కూడా ఇదే అంకె. మొదటిది 92.7 డిగ్రీల తూర్పు రేఖాంశం, రెండోది 75.8. తేడా 17 డిగ్రీలు, అంటే గంటా పది నిమిషాలకి కొంచెం తక్కువ. డిసెంబరు మధ్యలో పోర్ట్ బ్లెయిర్‌లో సుమారు ఐదింటికి పొద్దుగూకుతుంది, విశాఖలో ఐదున్నర లోపు, కోళికోడ్‌లో ఆరు దాటాక.

ఐదుంపావుకి 684 మీద రేడియో పెట్టి కూర్చోండి. మొదట గాలి హోరు. తర్వాత హోరు కింద ఏదో ఉన్నట్టు అనుమానం. ఐదున్నర దాటాక మాట పైకి తేలుతుంది, మునుగుతుంది, మళ్ళీ తేలుతుంది. అప్పటికి అరేబియా తీరంలో ఇంకా ఎండ ఉంది కాబట్టి కోళికోడ్ రావడానికి దారి లేదు. ఆరు దాటాక మలయాళం కిందినుంచి తన్నుకొస్తుంది, ఇద్దరూ కలబడతారు. ఇప్పుడు ఫెర్రైట్ కడ్డీతో పని. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఆగ్నేయం, కోళికోడ్ నైరుతి, మధ్య కోణం లంబకోణం కన్నా కాస్త ఎక్కువ. రేడియో చివరని నైరుతికి గురిపెడితే కోళికోడ్ నీరసిస్తుంది, అప్పుడు కడ్డీ నడుము దాదాపు ఆగ్నేయానికే ఉంటుంది. చివరని ఆగ్నేయానికి తిప్పితే కథ తిరగబడుతుంది. ఆకాశం నుంచి వచ్చే తరంగం కోణం మారుతూ ఉంటుంది కాబట్టి పగటి స్టేషన్ని నొక్కేసినంత గట్టిగా నొక్కలేరు. అయినా పేరు తెలుసుకోవడానికి సరిపడా దొరుకుతుంది.

తెల్లవారుజామున ఇదే నాటకం వరస మార్చకుండా నడుస్తుంది. ముందు తెల్లారేది అండమాన్‌లో, ముందు మాయమయ్యేదీ అదే. కోళికోడ్ ఇంకాసేపు ఉంటుంది.

రాత్రి

ఇప్పుడు పగటి పట్టిక పక్కన పెట్టుకుని మళ్ళీ 531 నుంచి మొదలుపెట్టండి. పగలు ఖాళీ అని రాసుకున్న చోట వినిపించే ప్రతిదీ ఆకాశం మీద నుంచి వచ్చినదే. ఒక్క గెంతులో తరంగం 2,000 కిలోమీటర్ల దాకా వస్తుంది, నేలనో సముద్రాన్నో తాకి మళ్ళీ గెంతితే ఇంకా దూరం.

తెలుగు ప్రాంతం నుంచి మొదట వెతకాల్సినవి: బెంగళూరు 612, కోల్‌కతా 657, ఢిల్లీ 819, ముంబై 1044. ఇవి వచ్చాయంటే ఆకాశం తెరుచుకున్నట్టే. తర్వాత ఢాకా 693. అక్కడి ప్రభుత్వ రేడియో బంగ్లాదేశ్ బేతార్‌వాళ్ళ 1,000 కిలోవాట్ల స్టేషన్ అది. ఇక 594 మీద పశ్చిమ బెంగాల్‌లోని చిన్సురా నుంచి 2016లో మొదలైన ఆకాశవాణి మైత్రి. రెండూ బెంగాలీయే, అందుకే మొదట్లో తికమకపడతారు. దక్షిణం వైపు శ్రీలంకలోని పుత్తళం 882. ఆకాశవాణి ఈమధ్య చాలా మీడియం వేవ్ స్టేషన్లు ఆపేసింది, కొన్నిటి సమయాలు మార్చింది. కాబట్టి నేను చెప్పిన అంకె మీద మీకు నిశ్శబ్దమే వస్తే రేడియోని తిట్టకండి. రాత్రి పదకొండు దాటి మనవాళ్ళు ఒక్కొక్కరే కట్టేశాక, వాళ్ళ కింద నలిగిపోయినవాళ్ళు పైకొస్తారు. తూర్పు దేశాలు ముందు రాత్రి, గల్ఫ్, ఇరాన్ వైపు నడిరాత్రి తర్వాత బాగుంటాయి. కారణం మళ్ళీ ఆ నాలుగు నిమిషాల లెక్కే.

ఒక వింత చెప్పాలి. పగలు శుభ్రంగా పడే 150, 250 కిలోమీటర్ల స్టేషన్ రాత్రి వణికిపోతుంది, ఒక్కోసారి నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు వక్రంగా ఉంటుంది. అదే సమయంలో వెయ్యి కిలోమీటర్లు దాటిన ఢిల్లీ నున్నగా వస్తుంది. దగ్గరి స్టేషన్ నుంచి నేల తరంగమూ ఆకాశ తరంగమూ ఇంచుమించు సమాన బలంతో వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకోవడమే దీనికి కారణం. సెట్ రిపేరుకి ఇవ్వకండి.

ఇంకో అపోహ. “సిలోన్ రేడియోలో తెలుగు పాటలు మధ్యాహ్నం వినేవాళ్ళం కదా, పగలు దూరం రాదంటారేం?” అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. అది షార్ట్‌వేవ్. ఆ తరంగాలు పట్టపగలు కూడా డీ పొరని దాటుకుని పై పొర నుంచి తిరిగొస్తాయి. మీడియం వేవ్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఇంకో శబ్దం కూడా తెలిసి ఉండాలి: ఒక అంకె చుట్టూ స్టేషన్ వెడల్పంతా నిండిన హోరు, మాట గానీ పాట గానీ ఏదీ లేకుండా, జలపాతంలా. అది డీఆర్ఎం అనే డిజిటల్ ప్రసారం. ఆకాశవాణి తన పెద్ద స్టేషన్లలో చాలావాటికి దాన్ని పెట్టింది. మామూలు సెట్‌తో వినలేం, గుర్తుపట్టి ముందుకి పోవడమే.

కాలం విషయానికొస్తే కార్తీకం నుంచి మాఘం దాకా మంచిది. ఎండాకాలం సాయంత్రాలు, వానాకాలం రాత్రులు ఎక్కడో మెరిసిన మెరుపు కూడా రేడియోలో ఫెళ్ళుమంటుంది.

చెక్క చట్రం, 14 చుట్లు

సెట్ మార్చకుండా బలం పెంచాలంటే లూప్ ఏరియల్ కట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం పని.

85 సెంటీమీటర్ల చెక్క బద్దలు రెండు తీసుకుని ప్లస్ గుర్తులా మధ్యలో బిగించండి. నాలుగు చివర్లా అడ్డంగా పది సెంటీమీటర్ల చెక్క ముక్కలు కొట్టి, వాటి మీద 6 మిల్లీమీటర్ల ఎడంలో 14 గాట్లు పెట్టండి. ఆ గాట్లలో పడేలా ఇన్సులేషన్ ఉన్న మామూలు సన్న వైరు 14 చుట్లు చుట్టండి. ఒక్కో పక్క 60 సెంటీమీటర్లు వస్తుంది కాబట్టి 35 మీటర్ల వైరు చాలు. చుట్లు ఒకదాన్నొకటి ముట్టుకోకూడదు.

రెండు కొసలకీ పాత రేడియోలో ముల్లుతో పాటు తిరిగి స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ కలపాలి. 365 నుంచి 500 పికోఫారడ్ల మధ్య ఏదైనా సరే. ఒక కొస దాని ఒంటికి, ఇంకో కొస కదలని రేకుల వైపు. ఇది పాత రేడియోలు బాగుచేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది, కొత్తది కొనడం దండగ. మీరే పాత వాల్వు సెట్ విప్పుతుంటే ప్లగ్ పీకాక కూడా కాసేపు ఆగండి, లోపలి కండెన్సర్లలో షాక్ మిగిలి ఉంటుంది.

లూప్ నుంచి రేడియోకి వైరేమీ అక్కర్లేదు. లూప్ నిలబెట్టి, దాని మధ్యకి ఎదురుగా రేడియో పెట్టండి. రేడియో పొడవు లూప్ గుండా దూరి అవతలికి పోతున్నట్టు ఉండాలి, అప్పుడే లోపలి కడ్డీ దానితో కలుస్తుంది. బలహీనమైన స్టేషన్ ఒకటి పెట్టుకుని గ్యాంగ్ మెల్లగా తిప్పండి. ఒక్కచోట, వెంట్రుకవాసి అంత ఇరుకులో, శబ్దం ఉన్నట్టుండి ఉబ్బుతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. స్టేషన్ మార్చినప్పుడల్లా గ్యాంగ్ మళ్ళీ తిప్పుకోవాలి. 1602 దాకా అందకపోతే ఒక చుట్టు తగ్గించండి, 531 దగ్గర అందకపోతే గ్యాంగ్‌లోని రెండో భాగం కూడా కలపండి. లోకల్ స్టేషన్ అన్ని అంకెల మీదా పాకుతుంటే రేడియోని ఒక జానెడు దూరం జరపండి.

తిప్పేటప్పుడు రెంటినీ కలిపే తిప్పాలి. లూప్ అంచు ఏ వైపు చూస్తుందో ఆ వైపు స్టేషన్లు బాగా వస్తాయి, బల్లపరుపు ముఖం చూసే వైపువి నొక్కుకుపోతాయి. ఉరుముతుంటే డాబా మీద ఇదంతా పెట్టుకుని కూర్చోవద్దు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి

పద్ధతి ఇదే. ఎడం 10 పెట్టుకోండి, పగటి పట్టిక రాసుకోండి. 50 కిలోవాట్లు అక్కడ గరిష్ఠ పరిమితి. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు రాత్రి సిన్సినాటి 700, అట్లాంటా 750, షికాగో 780తో మొదలుపెట్టొచ్చు. లూప్ కొలతలు మార్చక్కర్లేదు గానీ, అక్కడ బ్యాండు 1700 వరకు ఉంటుంది కాబట్టి 13 చుట్లు వేయండి.

ఎవరు మాట్లాడుతున్నారు?

భాష ఒక్కటే చూసి స్టేషన్ పేరు రాసేయకండి. హిందీ పాట ఏ స్టేషన్ నుంచైనా రావొచ్చు. గంట మారే రెండు నిమిషాల ముందు నుంచీ చెవి దగ్గరే ఉంచుకోండి, స్టేషన్ పేరు ఎక్కువగా అప్పుడే చెబుతారు. తెల్లవారుజామున ప్రసారం మొదలయ్యేటప్పుడు వాల్టర్ కౌఫ్‌మన్ కట్టిన ఆకాశవాణి సంకేత సంగీతం, ఆ తర్వాత అనౌన్స్‌మెంట్. అంకె బదులు తరంగం పొడవు మీటర్లలో చెబితే కంగారుపడొద్దు, మూడు లక్షలని కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 406.5 మీటర్లు అన్నారంటే అది 738.

పేరు దొరికాక స్టేషన్‌కి రిపోర్టు పంపితే, అన్నీ సరిపోయినప్పుడు మీరు విన్నది నిజమేనని ధ్రువీకరించే క్యూఎస్ఎల్ కార్డు వస్తుంది. ఆకాశవాణికీ ఈ అలవాటు ఉంది. రిపోర్టులో కనీసం పావుగంట కార్యక్రమం వివరాలుండాలి: ఏ నిమిషంలో ఏ పాట, ఎవరి మాట, ఏ ప్రకటన. “బాగా వినిపించింది” అని రాస్తే ఎవరూ నమ్మరు. వినికిడికి ఐదంకెల సిన్పో కోడ్ వాడతారు. వరసగా బలం, పక్క స్టేషన్ల అడ్డు, గోల, తేలిపోవడం, మొత్తం మీద ఎలా ఉంది, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు. ఐదు అంటే హాయి. కొత్తవాళ్ళు మొహమాటపడి అన్నిటికీ ఐదు వేస్తారు, ఇంజనీర్లకి దాంతో ఉపయోగం లేదు.

సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో రాయాలి, మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి. అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర లోపు విన్నదానికి తేదీ కూడా ఒకరోజు వెనక్కి పోతుంది. నా మొదటి రిపోర్టు జనవరి 3 తెల్లవారుజామున నాలుగింటికి విన్నది. నేను జనవరి 3, 22:30 యూటీసీ అని రాశాను. ఆ లెక్కన చూస్తే, నేను ఇంకా ప్రసారం కాని కార్యక్రమం విన్నట్టు. కార్డు రాలేదు.